పరుల సొత్తుకు బీమా: ఒక పాత ప్రశ్న చరిత్ర

కారు ఒకరి పేర ఉంటుంది. దానిని నడిపేవారు మరొకరు. అన్న పరదేశంలో ఉండగా ఆయన కారు తమ్ముని చేతిలో ఉంటుంది. కొన్నవాడు సొమ్ము పూర్తిగా చెల్లించి కూడా రిజిస్ట్రేషన్ మార్పించుకోకుండా ఏళ్ళు గడుపుతాడు. పలాస, టెక్కలి వంటి పట్టణాలలోను, సుమ్మాదేవి వంటి చిన్న ఊళ్ళలోను కనిపించేదే ఇది. అటువంటి వాహనానికి బీమా చేయించవలసినదెవరు? తనది కాని వస్తువుకు మనిషి బీమా చేయించవచ్చునా? మోటారు కారు పుట్టుకకు పూర్వమే, ఓడల విషయమై, లండన్ న్యాయమూర్తులూ డమాస్కస్ ధర్మవేత్తలూ ఈ ప్రశ్నను తరచిచూశారు.

ముందుగా మనకు బాగా తెలిసిన ఒక ఉదాహరణ చూద్దాం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపాన తీరం దాటినపుడు ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు వేళ్ళతో సహా కూలిపోయాయి. అటువంటి తోట ఒకటి కౌలులో ఉన్నదనుకోండి. పడిన చెట్టు సొంతదారుది. దానిమీది ఆ యేటి కాపు కౌలుదారుది. కొత్త మొక్క కాపుకు వచ్చేవరకు నష్టం సొంతదారు భరించాలి. ముందుగా కట్టిన కౌలు సొమ్ము కౌలుదారుకు పోతుంది. చెట్టు ఎవరిదంటే ఒక్కటే జవాబు. పోతే ఎవరికి నష్టమంటే రెండు జవాబులు. బీమాను గూర్చిన చర్చ అంతా ఈ రెండవ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

పద్దెనిమిదవ శతాబ్దపు లండన్‌లో తమకెట్టి సంబంధమూ లేని ఓడలమీద కూడా జనం బీమా చేయించేవారు. ఓడ మునిగితే వారికి లాభం. అది పేరుకు బీమా, నిజానికి పందెం. మునిగితే లాభం వచ్చేవాడు ఓడ క్షేమాన్ని ఎందుకు కోరుకుంటాడు? అందుచేత 1745 నాటి నౌకా బీమా చట్టం బ్రిటిష్ ఓడల విషయంలో అటువంటి ఒప్పందాలను చెల్లనివిగా చేసింది. పరుల ప్రాణాలమీద కాసే పందేలను 1774 నాటి చట్టం నిషేధించింది.

అయితే 'సంబంధం' అంటే ఏమిటి? 1806లో ప్రభువుల సభ ముందుకు వచ్చిన లుసీనా వ్యాజ్యంలో ఈ చర్చ జరిగింది. పట్టుబడిన డచ్చి ఓడలకు, అవి ఇంగ్లండు రేవు చేరకముందే, ప్రభుత్వం నియమించిన కమిషనర్లు బీమా చేయించారు. ఓడలు దారిలోనే నష్టమయ్యాయి. ఆస్తిలో చట్టబద్ధమైన హక్కు ఉండి తీరాలని ఎల్డన్ ప్రభువు వాదించాడు. వస్తువు నిలిస్తే మేలు, పోతే కీడు కలిగే స్థితిలో ఉంటే చాలునని న్యాయమూర్తి లారెన్స్ అభిప్రాయం. ఇంగ్లీషు న్యాయం చాలాకాలం ఎల్డన్ వైపే మొగ్గింది. 1925 నాటి మకోరా వ్యాజ్యంలో, తన కలపను తన సొంత కంపెనీకే అమ్మి బీమాను మాత్రం తన పేర ఉంచుకున్న వ్యక్తికి, కలప కాలిపోయినా పరిహారం దక్కలేదు.

ఆ కాలంలోనే డమాస్కస్‌లో హనఫీ ధర్మవేత్త ఇబ్నె ఆబిదీన్ (మరణం 1836) 'రద్దుల్ ముహ్‌తార్'లో 'సౌకరా' అనే వ్యవహారాన్ని విమర్శించారు. వర్తకులు ఓడ కిరాయితోపాటు విదేశీయునికి కొంత సొమ్ము చెల్లించేవారు. సరకు కాలినా, మునిగినా, దోపిడీకి గురైనా అతడు నష్టం భర్తీ చేసేవాడు. ముస్లిం వర్తకునికి ఇస్లామీయ రాజ్యంలో ఆ పరిహారం తీసుకోవడం ధర్మసమ్మతం కాదని ఆయన తీర్పు. కారణం గమనించదగినది. సరకు హామీదారుని చేతిలో లేదు, ఓడవాని చేతిలో ఉంది; తనపై లేని బాధ్యతను హామీదారు నెత్తికెత్తుకుంటున్నాడు. లండన్ న్యాయమూర్తులు బీమా చేయించుకున్నవానికి వస్తువుతో గల సంబంధాన్ని అడిగారు; ఇబ్నె ఆబిదీన్ బీమా ఇచ్చేవాని సంబంధాన్ని అడిగారు.

పరుల వస్తువు వాడుకునేవాని బాధ్యతను గూర్చి ఫిఖ్‌హ్‌లో ఇంతకంటె పాత అధ్యాయం ఉంది: ఆరియత్, అంటే ఎరువు. హునైన్ యుద్ధానికి (హిజ్రీ 8) ముందు దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు ఎరువు తీసుకున్నారు. పోతే భర్తీ చేస్తామని హామీ ఇచ్చారు. కొన్ని పోయినపుడు పరిహారం ఇవ్వజూపారు. సఫ్వాన్ అప్పటికి ఇస్లాం స్వీకరించి ఉన్నందున వద్దన్నాడని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. షాఫియీ, హంబలీ పండితులు దీనినిబట్టి ఎరువు తెచ్చుకున్నవాడే నష్టానికి బాధ్యుడన్నారు. ఎరువు వస్తువు అమానతు గనుక, అజాగ్రత్త లేదా హద్దు మీరడం ఉంటేనే బాధ్యత అని హనఫీల మతం.

ఇప్పుడు కారుకు వద్దాం. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని నిర్బంధ బీమా భాగం 1946 జూలై 1న అమలులోకి వచ్చింది. 1988 నాటి చట్టం 146వ సెక్షన్ ప్రకారం బీమా లేనిదే బహిరంగ ప్రదేశంలో వాహనాన్ని వాడడమూ, వాడనివ్వడమూ కూడదు. అక్కడి మాట 'వాడుక'; కనుక సొంతదారు కాకున్నా నడిపేవాడు ఆ విధికి లోబడినవాడే. వాహనం చేతులు మారితే మూడవ వ్యక్తికి గల రక్షణ కొత్త సొంతదారు పేర కొనసాగుతుందని 157వ సెక్షన్ చెబుతుంది. కాని ఆ సౌకర్యం కారుకు కలిగే సొంత నష్టానికి వర్తించదని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. కొన్న కారుకు పాలసీ మార్పించుకోనివాడు ఇక్కడే చిక్కుకుంటాడు. అమ్మినవానికీ చిక్కు లేకపోలేదు: కారు ఎన్ని చేతులు మారినా రిజిస్టరులో ఎవరి పేరుంటే వారే పరిహారానికి బాధ్యులని 2018లో అదే కోర్టు తేల్చింది.

2009 నాటి తీర్పు మరింత ఆలోచింపజేస్తుంది. ఎరువు తెచ్చుకున్న మోటారు సైకిలుమీద పోతూ ఒకరు మరణించారు. ఎరువు తెచ్చుకున్నవాడు సొంతదారు స్థానంలో నిలుస్తాడని, కాబట్టి ఆనాటి 163ఎ సెక్షన్ క్రింద వారసులు పరిహారం అడగలేరని కోర్టు చెప్పింది. ఎరువు వస్తువుతోపాటు దాని బరువు కూడా సంక్రమిస్తుందన్న ఆలోచన ఆరియత్ అధ్యాయం చదివినవారికి కొత్త కాదు.

వ్యాపార బీమాను గూర్చి మాత్రం పండితులలో ఏకాభిప్రాయం లేదు. మక్కా ఫిఖ్‌హ్ అకాడమీ 1978లో దానిని నిషిద్ధమని ప్రకటించి పరస్పర సహకార బీమాను అనుమతించింది. ముస్తఫా జర్కా అందుకు విభేదించారు. 1985లో జిద్దా అకాడమీ కూడా ఆ దారినే నడిచింది. చట్టం నిర్బంధించిన మేరకు చేయించుకోవడం అవసరం క్రింద సమ్మతమని అనేకులు చెప్పారు.

ఈ భేదాలకు లోబడని విషయం ఒకటుంది. తోటివాని కారు తీసుకున్నవాడు ముందుగా పాలసీ గడువు చూడాలి, దానిలో ఎవరి పేరున్నదో చూడాలి. కొన్నవాడు రిజిస్ట్రేషన్‌నూ పాలసీనీ ఆలస్యం లేకుండా తన పేరకు మార్పించుకోవాలి. అమ్మినవాడు అది జరిగేవరకు వదలరాదు. కంపెనీకి ఇచ్చే కాగితంలో తనది కానిదానిని తనదని వ్రాయరాదు. దారిన పోతూ దెబ్బ తిన్నవానికి ఆ కారు ఎవరిదో తెలియదు. కాగితాలలోని అలసత్వం వల్ల అతని హక్కు కోర్టుల చుట్టూ తిరిగితే, దానికి జవాబుదారు కారు నడిపినవాడూ, నడపనిచ్చినవాడూ కూడా.