రాష్ట్ర చిహ్నాలు, సంప్రదాయ ఆటలు (నూజివీడు బాలలు)

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నాల్లో కొన్ని ఇక్కడి ప్రకృతికి గుర్తుగా ప్రభుత్వం ఎంచుకున్న జీవజాతులు. రాష్ట్ర విభజన తర్వాత పాలపిట్ట తెలంగాణ రాష్ట్ర పక్షిగా నిలిచింది. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుక, కృష్ణజింక, వేప, మల్లెలను తన చిహ్నాలుగా ఖరారు చేసింది.

2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు మామిడి సీమలో చిలుక, వేప, మల్లె పిల్లలకు కళ్లముందువే. కృష్ణజింక మాత్రం బొమ్మల్లోనే. జాతీయ ఫలమైన మామిడి ఇక్కడ చిన్నరసాల రూపంలో చేతికే అందుతుంది.

ఇక్కడి పిల్లలకు లెక్కలు కూడా సంప్రదాయ ఆటల్లోనే ఒంటబడతాయి. వామనగుంటల పీటకు 14 గుంటలు; ఆడేవారు ఇద్దరు. ఒక గుంటలోని చింతగింజలను తీసి, వరుసగా ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోతారు.

అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా (4), బోర్లా పడితే అష్టా (8).