ఎలక్ట్రాన్ ఎటు తిరిగింది?

కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివిన సూరి భగవంతం 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ దగ్గర చేరారు. ఆ తర్వాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, టి. వెంకటరాయుడుతో కలిసి 1939లో ఒక లెక్క ప్రకటించారు. స్ఫటికం సౌష్ఠవం తెలిస్తే చాలు, రామన్ వర్ణపటంలో ఎన్ని కంపనాలు కనిపిస్తాయో ముందే చెప్పే లెక్క అది. లాంథనం మాంగనైట్ అనే ఆక్సైడ్‌నే తీసుకోండి. యూనిట్ సెల్‌లో 20 పరమాణువులు, మొత్తం కంపనాలు 60, రామన్‌కు చిక్కేవి 24. పరికరం ముట్టుకోకుండానే కాగితం మీద తేలిపోతుంది.

ఈ ఆక్సైడ్ విద్యుత్ బంధకం. ఇందులో మాంగనీసు అయాన్ బయటి ఎలక్ట్రాన్ మేఘం ఒక దిక్కుకు సాగి ఉంటుంది, పక్క అయాన్‌ది దానికి అడ్డంగా ఉంటుంది. తర్వాతి కాలంలో లిథియం బ్యాటరీలకు నోబెల్ అందుకున్న గుడెనఫ్ 1955లోనే ఇలాంటి అమరికను ఊహించారు. 1973లో కుగెల్, ఖోమ్‌స్కీ దానికి సిద్ధాంతం కట్టారు. చూడటమే కష్టమైంది. అయాన్‌లో 22 ఎలక్ట్రాన్లుంటే దిక్కు తేల్చేది ఒక్కటే. మామూలు ఎక్స్-రేకి అన్నీ ఒకటే.

1998లో జపాన్‌లోని సుకుబాలో మురకామి బృందం ఎక్స్-రే శక్తిని మాంగనీసు శోషణ అంచుకు, అంటే సుమారు 6,550 ఎలక్ట్రాన్ వోల్టులకు, సరిచేసింది. స్ఫటికం నుంచి చెదిరిన ఎక్స్-రేలలో, సౌష్ఠవం ప్రకారం రాకూడని మచ్చలు వచ్చాయి. స్ఫటికాన్ని తిప్పుతుంటే వాటి తీవ్రత పెరుగుతూ తగ్గుతూ పోయింది. ఎలక్ట్రాన్ దిక్కు దొరికిందన్నారు.

మరుసటి ఏడాదే ఎల్ఫిమోవ్, అనిసిమోవ్, సవాట్స్కీ అడ్డుచెప్పారు. ఆ శక్తి దగ్గర ఎలక్ట్రాన్ చేరేది 4పి స్థాయికి. అది పక్క ఆక్సిజన్ల దాకా పరుచుకుంటుంది కాబట్టి కనిపించింది ప్రధానంగా ఆక్సిజన్ల జరుగుడేనన్నది వారి వాదన. నన్నడిగితే, ఈ రంగానికి ఆ ప్రయోగం కన్నా ఈ తగువే ఎక్కువ మేలు చేసింది. దిక్కు తేల్చే ఎలక్ట్రాన్ ఉండే 3డి స్థాయినే నేరుగా తాకే మృదు ఎక్స్-రేల వైపు పరిశోధకులు మళ్లారు. వాటి తరంగదైర్ఘ్యం దాదాపు 19 ఆంగ్‌స్ట్రాములు. వరుసల ఎడం అందులో సగం కన్నా తక్కువైతే మచ్చే రాదు. అందుకే పెద్ద ఎడమున్న పొరల మాంగనైట్‌ను ఎంచుకుని, 2003లో ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీలో విల్కిన్స్ బృందం పని ముగించింది.

రామన్ పద్ధతీ ఊరుకోలేదు. ఎలక్ట్రాన్ మేఘాల అలలు, అంటే ఆర్బిటాన్లు, లాంథనం మాంగనైట్‌లో దొరికాయని 2001లో ప్రకటన వచ్చింది. కాదు, రెండేసి కంపనాలు కలిసి ఇచ్చిన గీతలే అవి అని 2002లో ఖండన. విడి కంపనాల లెక్క ముందే తేలి ఉండబట్టే వాదన ఇంత సూటిగా సాగింది. ఆర్బిటాన్‌కు గట్టి సాక్ష్యం 2012లో ఒక రాగి ఆక్సైడ్‌లో, స్విట్జర్లాండ్‌లో జరిపిన ఎక్స్-రే పరిక్షేపణంతో వచ్చింది.

ఇలాంటి ప్రయోగాలకు ఎక్స్-రేలనిచ్చే ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులకూ తెరిచే ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు మన క్లాసుల నుంచీ రావాలంటే, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు భగవంతం, వెంకటరాయుడుల లెక్కను ఒక్క క్లాసులోనైనా పిల్లల చేత చేయించాలి.