తిరుగు ప్రయాణం కోసం నేర్పిన పాఠాలు: పోలండ్ బాలశరణార్థుల విద్య (1942–1949)

ఉపోద్ఘాతం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో పోలండ్ బాలబాలికలకు నవానగర్ సంస్థానాధీశుడు జామ్‌సాహెబ్ దిగ్విజయ్‌సింహ్‌జీ ఆశ్రయమిచ్చిన వృత్తాంతం సాధారణంగా ఒక రాజు ఔదార్యగాథగా ప్రస్తావనకు వస్తుంది. ఆ ఔదార్యం కాదనలేనిది. అయితే ఆకలి తీరి, తలదాచుకునే చోటు దొరికిన తరువాత ఆ పిల్లలకు ఏ భాషలో, ఏ దేశాన్ని దృష్టిలో ఉంచుకొని చదువు చెప్పారన్నది వేరే ప్రశ్న. బాలాచడి, వళివడే, న్యూజిలాండ్‌లోని పహియాటువా శిబిరాల ఆధారంగా ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

నేపథ్యం

1939 సెప్టెంబరు 1న జర్మనీ, అదే నెల 17న సోవియట్ యూనియన్ పోలండ్‌పై దండెత్తాయి. 1940 ఫిబ్రవరి మొదలు 1941 జూన్ వరకు సోవియట్ ప్రభుత్వం తూర్పు పోలండ్ కుటుంబాలను నాలుగు విడతలుగా సైబీరియా, కజఖ్‌స్తాన్ తదితర ప్రాంతాలకు బలవంతంగా తరలించింది. 1941 జూన్‌లో జర్మనీ సోవియట్ యూనియన్‌పైనే దాడి చేయడంతో పరిస్థితి మారింది. జూలై 30న లండన్‌లోని పోలండ్ ప్రవాస ప్రభుత్వానికీ సోవియట్ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం కుదిరింది. ప్రవాసులకు విడుదల లభించింది. జనరల్ ఆండర్స్ నాయకత్వాన పోలిష్ సైన్యం ఏర్పడింది. 1942లో ఆ సైన్యం ఇరాన్‌కు తరలినప్పుడు సైనికులు, పౌరులు కలిపి లక్షమందికి పైగా సోవియట్ భూభాగం దాటారు. వారిలో వేలాదిమంది పిల్లలు. ఆకలి, టైఫస్ జ్వరం దారి పొడవునా వారిని వెంటాడాయి.

ఈ పిల్లలను గురించి వాడుకలో ఉన్న ‘అనాథలు’ అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారు వారిలో ఉన్నారు. తండ్రి సైన్యంలో ఉన్నవారు, తల్లి ఎక్కడ ఉన్నదో తెలియనివారు కూడా ఉన్నారు. కాబట్టి కొత్త కుటుంబాలకు దత్తత ఇవ్వడం కంటే, ఉన్న కుటుంబంతో, వదలివచ్చిన దేశంతో మళ్ళీ కలిసేవరకు కాపాడడమే సంరక్షకుల లక్ష్యమైంది. శిబిరాల విద్యావిధానానికి ఇదే పునాది.

బాలాచడి, వళివడే

ఇరాన్ మీదుగా భూమార్గాన భారతదేశం చేరిన పిల్లల కోసం 1942లో జామ్‌నగర్ సమీపాన, బాలాచడి సముద్రతీరంలో శిబిరం వెలిసింది. పిల్లలు జామ్‌సాహెబ్‌ను ‘బాపు’ అని పిలిచేవారు. 1943లో కొల్హాపుర్ దగ్గర వళివడేలో మరింత పెద్ద ఆవాసం ఏర్పడింది. అక్కడ దాదాపు 5,000 మంది పోలండ్ పౌరులు ఉండేవారు. అత్యధికులు స్త్రీలు, పిల్లలు.

రెండుచోట్లా బడి, ప్రార్థన, ఆటపాటలు, స్కౌటు దళాలు అన్నీ పోలిష్ భాషలోనే సాగాయి. పిల్లలు విడివిడిగా స్థానిక కుటుంబాలలో కలిసిపోక, తమ భాష మాట్లాడే సమూహంగా పెరిగారు. 1938–39లో జర్మనీ, ఆస్ట్రియా, చెక్ ప్రాంతాల నుండి బ్రిటన్ చేరిన సుమారు 10,000 మంది పిల్లల అనుభవం ఇందుకు భిన్నమైనది. వారిలో అధికులు యూదులు. చాలామంది ఆంగ్ల కుటుంబాలలో ఒక్కొక్కరుగా పెరిగారు. చిన్నవయసువారిలో పలువురు మాతృభాషనే మరచిపోయారు. ఈ పోలికలో చూస్తే భారతదేశంలోని శిబిరాలు పిల్లలకిచ్చినవి అన్నవస్త్రాలు మాత్రమే కావు. భాష నిలబడడానికి అవసరమైన సమాజాన్ని కూడా ఇచ్చాయి.

పహియాటువా

న్యూజిలాండ్ ప్రధాని పీటర్ ఫ్రేజర్ ప్రభుత్వ ఆహ్వానంపై 733 మంది పిల్లలు, వారి సంరక్షకులు ఇస్ఫహాన్ నుండి బయలుదేరారు. బొంబాయిలో ఓడ మారి 1944 నవంబరు 1న వెల్లింగ్టన్‌లో దిగారు. యుద్ధం ముగిసేవరకే ఈ ఆతిథ్యమని నాటి అవగాహన. అందుకే పహియాటువా శిబిరంలో కూడా బోధన పోలిష్‌లోనే సాగింది. వీధుల పేర్లు సైతం పోలిష్‌లోనే ఉండేవి. ఆ దేశంలో ఉంటూనే ఆ దేశానికి వెలుపల ఉన్న బాల్యం అది.

యాల్టా తరువాత

ఈ విద్య అంతా తిరుగు ప్రయాణాన్ని నమ్ముకొని నడిచింది. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశం ఆ నమ్మకాన్ని దెబ్బతీసింది. తూర్పు పోలండ్ సోవియట్ యూనియన్‌కే మిగిలింది. పిల్లలలో అత్యధికుల ఊళ్ళు అక్కడివే. పోలండ్‌కు వెళ్ళినా సొంత ఊరికి చేరే వీలు లేకపోయింది. అదే ఏడాది జూలైలో బ్రిటన్ ప్రవాస ప్రభుత్వానికి గుర్తింపును ఉపసంహరించింది.

ఉండాలనుకున్నవారు ఉండవచ్చునని న్యూజిలాండ్ అనుమతించింది. అక్కడి నుండి పహియాటువా బడి దిశ మారింది. ఆంగ్లబోధన పెరిగింది. పెద్దపిల్లలు స్థానిక పాఠశాలలకు వెళ్ళారు. సెలవులను స్థానిక కుటుంబాలతో గడిపారు. 1949లో శిబిరం మూతపడింది. భారతదేశంలో బాలాచడి శిబిరం 1946లో ముగియగా, మిగిలినవారు వళివడే చేరారు. 1948 నాటికి అదీ ఖాళీ అయింది. కొందరు పోలండ్‌కు, మరికొందరు బ్రిటన్, ఆస్ట్రేలియా, అమెరికా వంటి దేశాలకు వెళ్ళారు. ఐదారేళ్ళు గడిపిన దేశం వారికి మజిలీగానే మిగిలిపోయింది.

ముగింపు

పై పరిశీలన నుండి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, మాతృభాషలో చదువు చెప్పాలన్న నిర్ణయం పిల్లలకు కుటుంబస్మృతినీ ఆత్మగౌరవాన్నీ నిలిపింది. రెండవది, ఆ చదువు భవిష్యత్తును ఒక్క దారికే కట్టివేసింది. ఆ దారిని పెద్దదేశాలు మూసివేసినప్పుడు, మరో భాషలో, మరో దేశంలో జీవితాన్ని తిరిగి మొదలుపెట్టే భారం పిల్లలపైనే పడింది. పహియాటువాలో పోలిష్ ముందు, ఆంగ్లం తరువాత వచ్చాయి. నిజానికి మొదటి రోజు నుండే ఆ రెండూ పక్కపక్కన అవసరమయ్యాయి.

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 29వ అధికరణం దీనినే సూత్రంగా చెప్పింది. బిడ్డ సొంత భాష, నివసిస్తున్న దేశపు విలువలు, పుట్టిన దేశపు విలువలు అన్నిటిపట్లా విద్య గౌరవం పెంపొందించాలని దాని సారాంశం. యుద్ధం ఎప్పుడు ముగుస్తుందో, ఏ సరిహద్దు ఎక్కడికి జరుగుతుందో ఆశ్రయమిచ్చే దేశం చెప్పలేదు. అందువల్ల శరణార్థి బిడ్డను తిరిగి వెళ్ళేందుకూ, ఇక్కడే ఉండేందుకూ ఒకేసారి సిద్ధం చేయడం ఆశ్రయధర్మంలో భాగమే. ఔదార్యగాథగా మాత్రమే చదివితే బాలాచడి చరిత్రలోని ఈ కర్తవ్యం మన దృష్టికి రాదు.