ట్రాక్టరు, ఆయిల్ ఇంజను, స్ప్రేయర్లకు సరైన ఇంజిన్ ఆయిల్ ఎంచుకోవడం ఎలా?

తొలకరి పడి దమ్ములు మొదలైన రోజుల్లో ట్రాక్టరు ఆగిపోతే నష్టం మెకానిక్ బిల్లుతో పోదు. నారు ముదురుతుంది, కూలీలు వేరే చేలకు వెళ్లిపోతారు, కాలువ నీటి వంతు దాటిపోతుంది. పురుగు ఉధృతంగా ఉన్న రోజున స్ప్రేయరు మొరాయించినా అంతే. ఇలా సీజన్ మధ్యలో ఇంజిన్లు దెబ్బతినడానికి తరచుగా కనిపించే కారణాలు రెండు. ఒకటి, ఆ ఇంజిన్‌కు సరిపడని ఆయిల్ పోయడం. రెండు, మార్చాల్సిన సమయానికి మార్చకపోవడం. ఈ రెండూ రైతు చేతిలో ఉన్న పనులే. అందుకే డబ్బా కొనే ముందు చూడాల్సిన విషయాలను ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

ఇంజిన్ ఆయిల్ చేసే పని ఏమిటి?

ఆయిల్ అంటే అరుగుదల తగ్గించే జిడ్డు మాత్రమే అనుకుంటాం. నిజానికి అది ఒకేసారి అయిదు పనులు చేస్తుంది. కదిలే లోహ భాగాల మధ్య పొరగా నిలిచి రాపిడి తగ్గిస్తుంది. నీరు చేరలేని చోట్ల నుంచి వేడిని బయటకు తెస్తుంది. మండిన డీజిల్ మసిని తనలో కలుపుకుని భాగాలను శుభ్రంగా ఉంచుతుంది. పిస్టన్ రింగులకూ బోరుకూ మధ్య సందును మూసి కంప్రెషన్ నిలుపుతుంది. లోపలి భాగాలు తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

డీజిల్ ఇంజిన్‌లో ఆయిల్ కొన్ని గంటలకే నల్లబడుతుంది. మసిని పట్టుకుంటోంది కాబట్టే ఆ రంగు. కాబట్టి నలుపును చూసి మాత్రమే ఆయిల్ పాడైందని తేల్చకండి. మార్చే సమయాన్ని రంగు కాదు, అవర్ మీటరు చెప్పాలి.

డబ్బా మీద అంకెలు చదవడం

డబ్బా మీద కంపెనీ పేరు కంటే ముఖ్యమైనవి రెండు గుర్తులు.

మొదటిది చిక్కదనం. దీన్ని ఎస్‌ఏఈ గ్రేడు అంటారు. ఉదాహరణకు 15డబ్ల్యూ-40 అని రాసి ఉంటే, 'డబ్ల్యూ' పక్కనున్న 15 చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. ఈ అంకె తగ్గే కొద్దీ చలిలో ఆయిల్ త్వరగా పైభాగాలకు చేరుతుంది. తర్వాతి 40 ఇంజిన్ వేడెక్కాక, అంటే 100 డిగ్రీల వద్ద, ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. ఎండాకాలంలో మన మైదాన ప్రాంతాల్లో 45 డిగ్రీల వేడిలో రోటవేటరు లాగే ఇంజిన్‌కు ఈ రెండో అంకె చాలా ముఖ్యం. పుస్తకంలో 40 అని ఉన్న ఇంజిన్‌లో అంతకంటే పలుచని ఆయిల్ పోస్తే బేరింగుల మధ్య పొర నిలవదు. మరీ చిక్కనిది పోస్తే స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పై భాగాలకు అందదు.

రెండోది నాణ్యత స్థాయి. దీన్ని ఏపీఐ గ్రేడు అంటారు. 'సి' అక్షరంతో మొదలయ్యేవి డీజిల్ ఇంజిన్లకు: సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4 వంటివి. 'ఎస్' అక్షరంతో మొదలయ్యేవి పెట్రోలు ఇంజిన్లకు: ఎస్‌జే, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ వంటివి. డీజిల్ వరుసలో సీఎఫ్-4 కంటే సీహెచ్-4, దానికంటే సీఐ-4 మెరుగైనవి. పుస్తకంలో సీఎఫ్-4 అని ఉంటే సీఐ-4 పోయవచ్చు. సీఐ-4 అడిగిన ఇంజిన్‌కు సీఎఫ్-4 పోయకూడదు.

సింథటిక్ ఆయిల్ తప్పనిసరా అని చాలామంది అడుగుతుంటారు. పుస్తకం అడగనప్పుడు అక్కర్లేదు. సరైన గ్రేడు ఉన్న మామూలు మినరల్ ఆయిల్‌ను సమయానికి మార్చడం, ఖరీదైన ఆయిల్ పోసి రెండేళ్లు మరిచిపోవడం కంటే మేలు.

ఏ యంత్రానికి ఏ ఆయిల్?

కింద చెప్పినవి సాధారణంగా వాడే గ్రేడులు. మీ యంత్రంతో వచ్చిన పుస్తకంలో వేరే గ్రేడు ఉంటే దాన్నే పాటించండి.

• ట్రాక్టరు: ఎక్కువ ట్రాక్టర్లకు 15డబ్ల్యూ-40 లేదా 20డబ్ల్యూ-40 డీజిల్ ఆయిల్ సూచిస్తారు. 2023 జనవరి 1 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార నిబంధనలు అమల్లోకి వచ్చాయి. ఇలాంటి వాటిలో పొగ గొట్టం వద్ద మసిని ఆపే ఫిల్టరు ఉంటే, బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ (సీజే-4, సీకే-4 వంటివి) కావాల్సి ఉంటుంది. మామూలు ఆయిల్ పోస్తే ఆ ఖరీదైన ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది.

• పవర్ టిల్లరు: డీజిల్ ఇంజిన్ కాబట్టి 'సి' వరుస ఆయిలే వాడాలి. చిక్కదనం పుస్తకం ప్రకారం.

• పొలానికి నీళ్లు తోడే పాతకాలపు నెమ్మది ఆయిల్ ఇంజను: వీటికి సాధారణంగా ఎస్‌ఏఈ 30 లేదా ఎస్‌ఏఈ 40 అనే ఒకే అంకె ఆయిల్ వాడతారు.

• పవర్ వీడరు, ఫోర్ స్ట్రోక్ పెట్రోలు పంపుసెట్టు: 10డబ్ల్యూ-30 పెట్రోలు ఆయిల్‌ను ఎక్కువగా సూచిస్తారు. వీటిలో పట్టే ఆయిల్ చాలా తక్కువ. 5 హెచ్‌పీ సైజు ఇంజిన్‌లో సుమారు 600 మిల్లీలీటర్లే ఉంటుంది. అందులో 200 మిల్లీలీటర్లు తగ్గినా మూడో వంతు పోయినట్టే. కాబట్టి రోజూ పనికి ముందు చూడాలి. చాలా వాటిలో మొదటి 20 గంటలకు ఒకసారి, ఆ తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిల్ మార్చాలి.

ఒక ముఖ్యమైన మాట. ట్రాక్టరు గేరు బాక్సుకు, హైడ్రాలిక్స్‌కు పోసేది వేరే ఆయిల్. ముఖ్యంగా బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే ట్రాక్టర్లకు దానికి తగిన ప్రత్యేక ఆయిలే పోయాలి. మిగిలిపోయిన ఇంజిన్ ఆయిల్‌ను అక్కడ పోస్తే బ్రేకులు పట్టవు. లోడు ట్రాలీతో గట్టు దిగేటప్పుడు ఇది ప్రాణాల మీదకు తెస్తుంది.

టూ స్ట్రోక్ స్ప్రేయర్లు: ఎక్కువ తప్పులు ఇక్కడే

వీపున మోసే పెట్రోలు స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లలో చాలావరకు టూ స్ట్రోక్ ఇంజిన్లు. వీటిలో ఆయిల్ నిలవ ఉండే అర ఉండదు. పెట్రోలులో కలిపిన ఆయిలే లోపలికి వెళ్లి భాగాలను తడిపి, చివరకు పెట్రోలుతో పాటు మండిపోతుంది. అందుకే మండినప్పుడు బూడిద, మసి తక్కువ మిగిల్చే 2టీ ఆయిల్ మాత్రమే వాడాలి. డబ్బా మీద జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని ఉంటే మంచిది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పత్తి రైతు 2టీ ఆయిల్ దొరకలేదని అడిగితే, ఏదైనా ఆయిలే కదా, ట్రాక్టరుకు వాడేది కలపండి అని చెప్పాను. రెండు వారాలు పొగ కక్కుతూ నడిచింది. ప్లగ్గు మాటిమాటికీ మసి పట్టింది. మూడో వారం, సరిగ్గా మందు కొట్టాల్సిన రోజున, పిస్టన్ పట్టేసింది. ఆయన అద్దెకు స్ప్రేయరు తెచ్చుకుని మందు కొట్టే సరికి నాలుగు రోజులు ఆలస్యమైంది. చదివింది పంటల గురించే అయినా, యంత్రం గురించి తెలియకుండా సలహా ఇవ్వకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. మీరూ పక్కవారి మాట మీద కాకుండా ట్యాంకు మూత మీద లేదా పుస్తకంలో ఉన్న నిష్పత్తిని చూసి కలపండి.

కొలతలు ఇలా:

• 25:1 అయితే లీటరు పెట్రోలుకు 40 మి.లీ. (5 లీటర్లకు 200 మి.లీ.)
• 40:1 అయితే లీటరు పెట్రోలుకు 25 మి.లీ. (5 లీటర్లకు 125 మి.లీ.)
• 50:1 అయితే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. (5 లీటర్లకు 100 మి.లీ.)

ఆయిల్ తగ్గితే పిస్టన్ పట్టేస్తుంది. మంచిదే కదా అని ఎక్కువ పోస్తే ప్లగ్గు, సైలెన్సరు మసితో నిండుతాయి. మూతతో అంచనాగా పోయవద్దు, గీతలున్న కొలపాత్ర వాడండి. అయితే పురుగుమందు కొలిచే పాత్రను దీనికి వాడకండి. వేరే డబ్బాలో ముందు సగం పెట్రోలు పోసి, ఆయిల్ కలిపి బాగా ఊపి, తర్వాత మిగతా పెట్రోలు పోయాలి. ఇంజిన్ చల్లారాకే ట్యాంకు నింపాలి.

ఇప్పుడు వచ్చే పెట్రోలులో ఇథనాల్ ఉంటుంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. కలిపిన పెట్రోలును నెల దాటి నిల్వ ఉంచకండి. సీజన్ అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరులో మిగిలింది అయిపోయే వరకు ఇంజిన్ నడిపి ఆపండి.

మీ స్ప్రేయరు ఏ రకమో తెలియకపోతే ఇలా గుర్తించండి. పెట్రోలు ట్యాంకు కాకుండా ఆయిల్ పోసే మూత విడిగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్. అందులో పెట్రోలుకు ఆయిల్ కలపకూడదు.

డిప్‌స్టిక్ చెప్పే సంగతులు

రోజూ ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, బండి సమతలంగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ రెండు గీతల మధ్య ఉండాలి.

• మట్టం తరచూ తగ్గుతోంది, నీలం పొగ వస్తోంది: రింగులు లేదా వాల్వు సీళ్లు అరిగి ఆయిల్ మండిపోతోంది.
• మట్టం పెరిగింది, డీజిల్ వాసన వస్తోంది: డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోంది. ఆయిల్ పలుచబడితే బేరింగులు పోతాయి. నడపకుండా మెకానిక్‌కు చూపించండి.
• మజ్జిగలా తెల్లగా ఉంది: నీరు కలిసింది. హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. దమ్ములో లోతు నీటిలో దిగినప్పుడు బయటి నుంచి కూడా నీరు చేరవచ్చు. కారణం సరిచేసి, ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చాకే నడపాలి.
• నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ దీపం వెలిగింది: సాలు చివరి దాకా వెళ్దాం అనుకోకండి. వెంటనే ఇంజిన్ ఆపండి.

పై గీత దాటి పోయడం కూడా తప్పే. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి, సీళ్ల నుంచి కారుతుంది.

మార్చే పద్ధతి

చాలా ట్రాక్టర్లకు కొత్తలో 50 గంటలకు, తర్వాత సుమారు 250 గంటలకు ఒకసారి ఆయిల్ మార్చమంటారు. మీ పుస్తకంలోని గంటలే ప్రమాణం. గంటలు నిండకపోయినా ఏడాదికొకసారి మార్చడం మంచిది. ఖరీఫ్ మొదలయ్యే ముందు మార్చుకుంటే మధ్యలో ఇబ్బంది ఉండదు.

ఇంజిన్‌ను పది నిమిషాలు నడిపి ఆపి, గోరువెచ్చగా ఉండగానే ఆయిల్ తీసేయండి. మురికి దానితో పాటు దిగుతుంది. ఫిల్టరు కూడా ప్రతిసారీ మార్చాలి. పాత ఫిల్టరులో మిగిలే మురికి ఆయిల్ కొత్తదాన్ని పాడు చేస్తుంది. కొత్త ఫిల్టరు రబ్బరుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి. ఆయిల్ పోశాక కొద్దిసేపు నడిపి, ఆపి, కొన్ని నిమిషాల తర్వాత మట్టం మళ్లీ చూడండి. తేదీ, అవర్ మీటరు అంకె ఒక పుస్తకంలో రాసుకోండి.

ఆయిల్ ఉన్న ఎయిర్ క్లీనరు అయితే దుమ్ములో పనిచేసే రోజుల్లో దాన్ని రోజూ చూడాలి. గిన్నెలో గీత వరకే ఆయిల్ పోయాలి. ఎక్కువైతే ఇంజిన్ దాన్ని లోపలికి పీల్చుకుని అదుపు తప్పి వేగం పెరిగే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు జాగ్రత్తలు

• విడి ఆయిల్ కొనవద్దు. అందులో ఏముందో చెప్పే గుర్తు ఏదీ ఉండదు.
• మూత సీలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ధర చూడండి. బిల్లు తప్పక తీసుకోండి.
• ఖాళీ డబ్బాను కోసి పారేయండి. మంచి డబ్బాలు తిరిగి నకిలీ ఆయిల్‌తో నిండి వస్తాయి.
• ఇంజిన్ శక్తి పెంచుతామని అమ్మే అదనపు మందులు కలపవద్దు.
• సగం మధ్యలో ఆయిల్ తగ్గితే అదే గ్రేడు పోయండి. అత్యవసరంలో వేరే కంపెనీది పోసినా అదే గ్రేడు చూసుకుని, త్వరలో మొత్తం మార్చేయండి.

అద్దెకు తెచ్చే ట్రాక్టరు, స్ప్రేయరు విషయంలో ఎవరు ఆయిల్ చూస్తారన్నది ముందే మాట్లాడుకోండి. యజమాని చూశాడని రైతు, రైతు చూస్తాడని యజమాని అనుకుంటే మధ్యలో ఇంజిన్ పోతుంది, మాటలూ పెరుగుతాయి.

కాలిన ఆయిల్ ఏం చేయాలి?

వాడిన ఆయిల్‌ను కాలువలో, బావి దగ్గర, పొలంలో పారబోయకండి. నీటిపై పొరగా పరుచుకుని చేపలకు, పశువుల తాగునీటికి హాని చేస్తుంది. గోమార్లు పోతాయని పశువుల ఒంటికి పూయడం, పుండ్లకు రాయడం మానండి. అందులో లోహపు పొడి, మసి, మండగా మిగిలిన విష పదార్థాలు ఉంటాయి. పశువు నాకితే కడుపులోకి పోతాయి. దీన్ని 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద చేర్చారు. మూత ఉన్న డబ్బాలో దాచి, తిరిగి తీసుకునే సర్వీసు కేంద్రానికి ఇవ్వండి. మార్చేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకుని, తర్వాత సబ్బుతో కడుక్కోండి.

ట్రాక్టరు నడపడం, నిర్వహణపై శిక్షణ కావాలనుకునే రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. ఇంట్లో యంత్రం నడిపే యువకులను పంపితే ఉపయోగం.

ఇక ఈ రోజు చేయాల్సినది ఒకటే. మీ యంత్రం పుస్తకం తీసి, అందులోని చిక్కదనం, ఏపీఐ గ్రేడు, ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని గంటలకు మార్చాలి అన్న నాలుగు వివరాలు షెడ్డు గోడ మీద పెయింటుతో రాయించండి. పుస్తకం పోయి ఉంటే మీ మోడల్ పేరు చెప్పి డీలరు దగ్గర రాయించుకోండి. తర్వాత డబ్బా కొనడానికి ఇంట్లో ఎవరు వెళ్లినా తప్పు జరగదు.