బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

మా చిన్ననాట పిచ్చికుక్క కరిచిందంటే ఊరంతా ఒక్కటే మాట: "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు!" 1970 ప్రాంతంలో నా సహాధ్యాయి ఒకడు ఆ సూదులు వేయించుకొంటూండగానే కాళ్ళు చచ్చుబడి మంచమెక్కాడు. ఆలస్యం చేశావు, విషం తలకెక్కిందని అందరూ వాడి తల్లిని నిందించారు. కాని వాడు బ్రతికాడు. కొన్ని నెలలకు కర్ర ఊతంతో బడికి వచ్చాడు. విషమే తలకెక్కితే ఎలా బ్రతికాడన్న సందేహం నన్ను వదలలేదు. ఉద్యోగవిరమణానంతరం ఆ మందు చరిత్ర చదివితే గాని సమాధానం దొరకలేదు.

1885 జూలై 6న పారిసులో లూయీ పాశ్చర్, జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ బాలునికి రేబిస్ టీకా వేయించాడు. రేబిస్ సోకిన కుందేలు వెన్నుపామును ఎండబెట్టి చేసిన మందు అది. ఆ వైరస్‌ను నరధాతువులో పెంచడం తప్ప ఆనాడు వేరు దారి లేదు. మన దేశంలో 1900లో కసౌలీలోను, 1907లో కూనూరులోను పాశ్చర్ సంస్థలు వెలిశాయి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో, వైరస్‌ను ఫినాలుతో చంపి టీకా చేసే చౌక పద్ధతి కనిపెట్టాడు. తరువాత దశాబ్దాల తరబడి మనవారు దానిని గొర్రె మెదడుతో తయారుచేశారు.

చిక్కంతా అక్కడే. మందులో చచ్చిన వైరస్‌తోపాటు మెదడు ధాతువూ ఉండేది. నరాల తంతువులకు తొడుగైన మైలిన్ గొర్రెకూ మనిషికీ చాలావరకు ఒకే తీరు. పరాయి మైలిన్‌ను శత్రువుగా ఎంచిన రక్షణవ్యవస్థ, కొద్దిమందిలో సొంత మైలిన్ మీదా విరుచుకుపడేది. మెదడు, వెన్నుపాము వాచేవి. కంచే చేను మేయడమంటే ఇదే! 1933లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో థామస్ రివర్స్ బృందం, రేబిస్ సోకని కుందేలు మెదడు సారాన్ని కోతులకు పలుమార్లు ఎక్కించగా కొన్నింటికి పక్షవాతం వచ్చింది. వైరస్ లేకున్నా మెదడు ధాతువే కీడు చేయగలదని తేలింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ పరిశోధనకు ఆ ప్రయోగమే బాట వేసింది.

మరి తెలిసీ ఎందుకు వాడారు? రేబిస్ లక్షణాలు పొడసూపితే మరణం దాదాపు తథ్యం గనుక. మెదడు ధాతువు లేని కొత్త టీకాలు వచ్చినా వాటి ధర బీదలకు అందలేదు. మన దేశంలో పాత మందు తయారీ 2004 చివరికి గాని ఆగలేదు. నేటి టీకాను భుజానికి వేస్తారు, పాత భయంతో దానిని మానరాదు.

నా మిత్రునికి జరిగింది ఇదేనని నా నమ్మకం. ఆలస్యం చేశానని కుమిలిన ఆ తల్లికి, "అమ్మా, తప్పు నీది కాదు" అని చెబుదామంటే ఆమె ఇప్పుడు లేదు.