పాత కారుకు టైర్ ప్రెషర్ అలారం: తప్పనిసరా? ఎలా పెట్టించుకోవాలి?

కారు టైరులో గాలి నెమ్మదిగా తగ్గుతుంటే స్టీరింగ్ పట్టుకున్నవారికి చాలాసార్లు తెలియదు. సిటీ ట్రాఫిక్‌లో దాంతో పెద్దగా ఇబ్బంది కనిపించదు. అదే కారుతో ఎండాకాలం మధ్యాహ్నం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డో, విజయవాడ హైవేనో ఎక్కితే ప్రాణాల మీదకు రావచ్చు. గాలి తక్కువున్న టైరు పక్కభాగం అతిగా నలుగుతుంది, వేడెక్కుతుంది, చివరకు పగిలిపోతుంది. ఈ ముప్పును ముందే చెప్పేదే టైర్ ప్రెషర్ మానిటరింగ్ సిస్టమ్, అంటే టీపీఎంఎస్. మీ కారు పాతదైతే దీని గురించి తెలుసుకోవాల్సినవి ఇవీ.

ఎలా పనిచేస్తుంది?

ఇందులో రెండు రకాలున్నాయి.

• డైరెక్ట్: ప్రతి చక్రంలో ఒక సెన్సర్ ఉంటుంది. అది గాలి ఒత్తిడిని కొలిచి రేడియో సిగ్నల్‌తో డ్యాష్‌బోర్డుకు పంపుతుంది. ఏ టైరులో ఎంత ఉందో అంకెల్లో చూడొచ్చు.

• ఇండైరెక్ట్: ఇందులో గాలిని కొలిచే సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన చక్రం మిగతా వాటికంటే కాస్త వేగంగా తిరుగుతుంది. ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాను పట్టుకుంటాయి. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగా తగ్గితే మాత్రం ఇది గుర్తించలేకపోవచ్చు. గాలి నింపిన ప్రతిసారీ రీసెట్ చేయాలి.

మన దేశంలో కార్లకు ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. ఏబీఎస్ లేని కారులో ఇండైరెక్ట్ పద్ధతి కుదరదు. విడిగా సెన్సర్లు పెట్టించుకోవడమే మార్గం.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి, యూరప్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ టీపీఎంఎస్ తప్పనిసరి. మన దగ్గర పాత కారుకు దీన్ని పెట్టించాలన్న నిబంధన లేదు. అయితే 2020 జులైలో కేంద్ర రవాణా శాఖ ఒక సడలింపు ఇచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, పంక్చర్ రిపేర్ కిట్ ఉన్న 3.5 టన్నుల లోపు వాహనాలకు స్టెప్నీ అవసరం లేదని చెప్పింది. దీన్ని చూసి, బయట కిట్ కొన్నామని పాత కారులో స్టెప్నీ తీసేయకండి. అలారం గాలి తగ్గిందని చెబుతుందే తప్ప చక్రం మార్చదు.

కిట్ కొనేముందు

పాత కార్లకు రెండు రకాల కిట్లు దొరుకుతాయి.

• బయటి సెన్సర్లు: వాల్వ్ మూత తీసి ఆ స్థానంలో బిగిస్తే చాలు, మీరే పెట్టుకోవచ్చు. బటన్ బ్యాటరీని మార్చుకోవచ్చు. వీటిని దొంగలు సులువుగా తీసేయగలరు కాబట్టి లాక్ నట్ ఉన్నవి తీసుకోండి. గాలి కొట్టించే ప్రతిసారీ తీసి పెట్టాలి. బిగించాక వాల్వ్ దగ్గర సబ్బు నీళ్లు వేసి చూడండి. బుడగలు వస్తే గాలి లీకవుతున్నట్లే. రబ్బరు వాల్వ్ పాతబడి పగుళ్లిచ్చి ఉంటే ముందు దాన్ని మార్పించండి.

• లోపలి సెన్సర్లు: టైరు షాపులో టైరు విప్పి బిగిస్తారు. దొంగల భయం ఉండదు. చాలా వాటిలో బ్యాటరీ మార్చడం కుదరదు. అది అయిపోతే సెన్సరే మార్చాలి. కొత్త టైర్లు వేయించే రోజే పెట్టిస్తే రెండోసారి విప్పే ఖర్చు తప్పుతుంది. పంక్చర్ జెల్ కొన్ని సెన్సర్లను పాడుచేస్తుంది. జెల్ పోయించే ముందు లోపల సెన్సర్ ఉందని షాపులో చెప్పండి.

టైర్ల స్థానాలు మార్పిస్తే సెన్సర్ల స్థానాలనూ డిస్‌ప్లేలో మార్చుకోవాలి. లేదంటే ముందు టైరులో గాలి తగ్గితే వెనుక టైరు అని చూపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారులో లైటు వెలుగుతోందా?

కంపెనీ బిగించిన సెన్సర్ల బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. చాలా కార్లలో లైటు తీరును బట్టి సమస్య తెలుసుకోవచ్చు.

• ఆగకుండా వెలుగుతుంటే: గాలి తగ్గింది. వెంటనే చూపించండి.
• స్టార్ట్ చేయగానే నిమిషం పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా వెలిగితే: సెన్సర్‌లోనో, సిస్టమ్‌లోనో లోపం ఉంది.

కొనేముందు ఇంజిన్ ఆన్ చేసినప్పుడు ఈ లైటు ఒకసారి వెలిగి ఆరుతుందో లేదో చూడండి. అసలు వెలగకపోతే, బల్బు తీసేసి లోపాన్ని దాచారేమోనని అనుమానించాల్సిందే.

అలారం ఉన్నా గేజ్ మానొద్దు

అమెరికా ప్రమాణం ప్రకారం గాలి 25 శాతం తగ్గాకే లైటు వెలుగుతుంది. అంటే 33 పీఎస్‌ఐ ఉండాల్సిన టైరు దాదాపు 25కు పడిపోయేదాకా హెచ్చరిక రాకపోవచ్చు. మీ కిట్‌లో అలారం హద్దును మార్చుకునే వీలుంటే 28 లేదా 29 దగ్గర పెట్టుకోండి.

పంక్చర్ లేకపోయినా టైరులో నెలకు 1 నుంచి 2 పీఎస్‌ఐ తగ్గడం మామూలే. కాబట్టి నెలకోసారి, దూర ప్రయాణానికి ముందు తప్పకుండా కొలిపించండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గరి స్టిక్కర్‌పై ఉంటుంది. టైరు మీద ముద్రించిన అంకె గరిష్ఠ పరిమితి, అది మీరు నింపాల్సిన లెక్క కాదు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. ప్రయాణం మధ్యలో 3, 4 పీఎస్‌ఐ పెరిగినట్లు కనిపిస్తే గాలి తీసేయకండి. అది వేడి వల్ల వచ్చిన పెరుగుదలే.

ఉచిత గాలి మీ హక్కు

ఆయిల్ కంపెనీల మార్గదర్శకాల ప్రకారం పెట్రోల్ బంకుల్లో గాలి ఉచితంగా ఇవ్వాలి. డబ్బులు అడిగినా, మెషిన్ పనిచేయడం లేదని పంపేసినా ఫిర్యాదుల పుస్తకం అడిగి రాయండి. లేదా బంకు బోర్డుపై ఉన్న కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేయండి. జాతీయ రహదారిపై టైరు పగిలి ఆగిపోతే కారును ఎడమ అంచుకు తెచ్చి, హజార్డ్ లైట్లు వేసి, అందరూ దిగి రోడ్డుకు దూరంగా నిలబడండి. ఆ తర్వాత 1033కు ఫోన్ చేయండి. ఈ సేవ 24 గంటలూ ఉంటుంది.