కునికిపాట్ల వెనక కథ

ముసలితనంలో పగటి కునుకంటే మనకెవరికీ పెద్ద పట్టింపు లేదు. పేపరు చేతిలో ఉండగానే తల వాల్చేసిన మామగారిని చూసి, "పెద్దవారు, పడుకోనీండి" అంటాం. అదే చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తగారు కునికితే, "రాత్రంతా పడుకుని మళ్ళీ ఇదేం నిద్ర!" అని గొణుక్కునేవాళ్ళూ లేకపోలేదు. రాత్రంతా పడుకున్నారు, నిజమే. నిద్రపోయారా? గుండె నీరసించిన వృద్ధుల విషయంలో ఈ ప్రశ్న తట్టడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలమే పట్టింది.

1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ పేరు కాలేజీ మెట్లెక్కిన వాళ్ళు వినే ఉంటారు. అంతటి పండితుడూ చివరి చలికాలాల్లో పడుకోలేక అవస్థపడ్డాడు. నడుం వాలిస్తే ఊపిరాడదు. కొన్ని రాత్రులు తెల్లవార్లూ కుర్చీలోనే గడిపేవాడని ఆయన జీవితచరిత్ర రాసిన బాస్వెల్ చెప్పాడు. ఒంటికి నీరు కూడా పట్టింది. ఉబ్బసమన్నారు, నీరన్నారు. 1784 డిసెంబరులో ఆయన పోయాడు. ఆ లక్షణాలు చదివిన ఈ కాలపు డాక్టర్లు గుండె నీరసాన్ని అనుమానిస్తారు. అలా రాత్రిళ్ళు కుర్చీలో కూర్చున్న మనిషికి పగలు రెప్పలు వాలితే వింతేముంది?

ఆ మరుసటేడే, 1785లో, విదరింగ్ అనే డాక్టరు ఒంటినీరు తీసే ఫాక్స్‌గ్లవ్ మొక్క గురించి పుస్తకం రాశాడు. ఆ మందు గుట్టు ష్రాప్‌షైర్‌లోని ఓ ముసలావిడ దగ్గర ఉండేదని ఒప్పుకున్నాడు కూడా. ఆవిడ పేరు మాత్రం రాయలేదు! సరే, నీటికి మందు దొరికింది. నిద్ర సంగతి ఎవరూ అడగలేదు.

నిద్ర సంగతి తేలకపోయినా, ఊపిరి సంగతి కనిపెట్టినవాడు డబ్లిన్‌లో వైద్యం చేసిన జాన్ చెయిన్. 1818లో ఆయన ఓ అరవయ్యేళ్ళ రోగి కథ రాశాడు. ఆఖరి ఎనిమిది తొమ్మిది రోజులూ ఆ మనిషి ఊపిరి తీరే వేరు. పావు నిమిషం పాటు పూర్తిగా ఆగిపోతుంది. మళ్ళీ తెలిసీ తెలియనట్టు మొదలై, పెరిగి పెరిగి ఎగశ్వాస అవుతుంది. తగ్గి తగ్గి మళ్ళీ ఆగిపోతుంది. నిమిషానికో ఆవృత్తి. చనిపోయాక చూస్తే గుండె కండ కొవ్వుగా మారిపోయి ఉంది. 1854లో అదే ఊరి విలియం స్టోక్స్ గుండెజబ్బుల మీద రాసిన గ్రంథంలో ఇదే శ్వాసను మళ్ళీ వర్ణించాడు. అందుకే దానికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు.

ఎందుకిలా జరుగుతుంది? మేడమీది ట్యాంకు నింపే వేళ తలుచుకోండి. నిండిందని పైనుంచి వేసిన కేక కిందికి ఆలస్యంగా చేరితే నీళ్ళు పొంగి పొర్లుతాయి. ఖాళీ అయిందన్న కబురు ఆలస్యమైతే కుళాయిలు ఎండుతాయి. గుండె నెమ్మదించినప్పుడు రక్తం మోసుకెళ్ళే కబురు మెదడుకి ఆలస్యంగానే అందుతుంది. దానికితోడు ఊపిరితిత్తుల్లో చెమ్మ చేరి శ్వాసను తొందరపెడుతుంది. ఓసారి అతిగా పీల్చడం, ఓసారి అసలు మానెయ్యడం! ఊపిరి ఎగసినప్పుడల్లా నిద్ర చెదురుతుంది. పాపం, తెల్లారాక ఆ మనిషికి ఇదేదీ గుర్తుండదు.

పగటి నిద్రకీ రాత్రి ఊపిరికీ ముడి పడింది మాత్రం మరో దారిలో. డికెన్స్ 1836-37లో రాసిన పిక్విక్ కథలో ఎప్పుడు చూసినా కునికే లావుపాటి కుర్రాడొకడున్నాడు. 1956లో అమెరికా డాక్టర్లు కొందరు అలాంటి స్థూలకాయుల జబ్బుకి ఆ నవల పేరే పెట్టారు. (నవలలు చదివి చెడిపోతున్నామని మనల్ని దెప్పేవాళ్ళు ఇది గమనించాలి.) ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడం వల్లే ఈ మత్తు అని వాళ్ళ లెక్క. 1965లో ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ పరిశోధకులు అలాంటి రోగుల రాత్రి నిద్రను యంత్రాలతో నమోదు చేశారు. రాత్రంతా ఊపిరి ఆగడం, ఉలిక్కిపడడం, మళ్ళీ ఆగడం! వాళ్ళకి మూసుకుపోయేది గొంతు. చెయిన్ రోగికి ఆగింది మెదడు ఆజ్ఞ. గుండె నీరసించిన వాళ్ళలో ఈ రెండూ ఉండవచ్చు.

పగటి మత్తుకి కారణం ఇదొక్కటే అనుకోకూడదు. సాయంత్రం వేసుకున్న నీటిమాత్ర నాలుగుసార్లు లేపుతుంది. మూత్రపిండాలు, థైరాయిడ్, నిద్రమాత్రలు, అన్నిటినీ చూడాలి. ముక్కుకి మాస్కు తగిలించే యంత్రాలూ వచ్చాయి. కాని గుండె పంపింగ్ బాగా తగ్గి, మెదడు ఆజ్ఞ ఆగే రకం జబ్బున్నవాళ్ళు 1325 మందిపై జరిపిన పరీక్ష 2015లో అందరినీ నివ్వెరపరిచింది. ఊపిరిని బట్టి గాలి ఒత్తిడి మార్చుకునే యంత్రం వాడినవాళ్ళలోనే గుండెజబ్బు మరణాలు ఎక్కువయ్యాయి. పక్కింటివాళ్ళు కొన్నారని మనమూ కొనే వస్తువు కాదన్నమాట.

ఇన్ని యంత్రాలొచ్చినా, పగలల్లా మత్తుగా ఉంటున్నారని పెద్దవాళ్ళని తీసుకెళితే, నిద్ర సంగతి తెలిసిన డాక్టరు రోగినొక్కరినే అడిగి ఊరుకోడు. పక్కన నిలబడ్డ మనవైపు తిరిగి అడుగుతాడు: "రాత్రిళ్ళు ఆ గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"